దాచవలసిన మార్పు



ఈ నెల ఒక మోటారు కారును గూర్చి వ్రాయుచున్నాము. అట్టి కారును మన పల్లెలలో చూచినవారు బహు కొద్దిమంది. అయినను దానివలన కలిగిన ప్రశ్న మన కళ్లములలోను, మన దుకాణములలోను, మన సంఘపు లెక్కల పుస్తకములోను ప్రతిదినము లేచు ప్రశ్నయే. గనుక యంత్రపు సంగతులు కొంచెము ఎక్కువగా కనబడినను విసుగు చెందక చదువుడని కోరుచున్నాము.

మన ప్రాంతపు సంఘములలో పెరిగిన యువకుడొకడు ఇప్పుడు అమెరికా దేశములోని కాలిఫోర్నియా రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు కొంతకాలము క్రిందట ఒక పాత కారు కొనెను. అది జపానులోని మాజ్డా కంపెనీవారు చేసిన ఎమ్.ఎక్స్.-5 అను రెండు సీట్ల కారు. అమెరికాలో దానిని మియాటా అని పిలుతురు. 1989లో మొదట లోకమునకు చూపబడిన ఈ కారు చిన్నది, తేలికైనది. పైకప్పు మడిచి వెనుకకు వేసికొనవచ్చును. బస్తాలు మోయుటకు గాని, పిల్లలతో కూడ ప్రయాణము చేయుటకు గాని అది పనికిరాదు. నడుపుటలోని సంతోషము కొరకే దానిని చేసిరి. ఇతనిది 2001వ సంవత్సరపు బండి.

ఒక శనివారము మధ్యాహ్నము అతడు ఆ బండి ఇంజనుకు గాలి అందించు ప్లాస్టికు పెట్టెను ఊడదీసి, బజారులో వేరొకరు చేసి అమ్ము వెడల్పాటి గొట్టమును, శంఖాకారముగా నుండు ఫిల్టరును బిగించుకొనెను. పానాలు, స్క్రూడ్రైవరు తప్ప వేరే పనిముట్లు అక్కరలేకపోయెను. ఆ సాయంత్రము బండి స్వరము మారిపోయెను. కాలు అదుముకొలది ముందునుండి గర్జన వినబడెను. బండి మునుపటికంటె చురుకుగా పోవుచున్నదని అతడు స్నేహితులందరికి చెప్పెను.

కొన్ని నెలలకు పొగ పరీక్ష గడువు వచ్చినది. ఆ రాష్ట్రములో చాలా ప్రాంతములందు పాత బండ్లను రెండేండ్లకొకసారి పరీక్షకు చూపవలెను. అక్కడ పొగ సంగతిని మాత్రమే చూచి ఊరకుండరు. ఇంజను మూత ఎత్తి, అనుమతి లేని భాగములేవైన ఉన్నవేమో కూడ చూతురు. అప్పుడు అతడు మాకు ఉత్తరము వ్రాసెను.

"అయ్యగారూ, ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. పరీక్షకు ముందు రోజు పాత పెట్టె బిగిస్తారు. పరీక్ష అయిన సాయంత్రం మళ్లీ కొత్తది బిగిస్తారు. పెద్ద పనేమీ కాదు. బండి నాది, డబ్బు నాది. ఇందులో ఎవరికి నష్టం? కాని ఆదివారం నుండి నా మనసు ఒప్పుకోవడం లేదు. ఇది తప్పా, లేక నేనే పిరికితనంతో ఆలోచిస్తున్నానా చెప్పండి."

ఈ ఉత్తరమునకు ఒక్క మాటలో జవాబు వ్రాయవచ్చును. అయితే మనస్సు ఒప్పుకొనకపోవుటకు కారణము తెలియనప్పుడు, మనిషి ఆ మనస్సును కొంతకాలమునకు నోరు మూయించును. గనుక కారణమును వెదకుట మేలని తలంచితిమి.

1. ఆ పెట్టె ఏల యున్నది?

మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. ఉత్తరము చేత పట్టుకొని, మండల కేంద్రములో ట్రాక్టర్లు బాగుచేయు మేస్త్రీ యొద్దకు పోతిమి. అతడు ఆ కారును ఎన్నడును చూడలేదు. అయినను సంగతి వినగానే నవ్వి, షెడ్డులో నిలిచియున్న పాత ట్రాక్టరు ప్రక్కకు మమ్మును పిలిచి, దాని గాలిని శుభ్రపరచు డబ్బాను విప్పి చూపెను. క్రింది గిన్నెలో నూనె. నూనె అడుగున నల్లని బురద పేరుకొని యుండెను.

"ఇది నూర్పిళ్ల కాలం గదా, అయ్యగారూ. నాలుగు రోజుల దుమ్ము ఇది. ఈ డబ్బా లేకపోతే ఇదంతా సిలిండరులోకి పోయేది" అనెను.

కళ్లములో తూర్పార పట్టిన వారికి ఆ మాట వేరుగా వివరింపనక్కరలేదు. కంటికి కనబడని ఇసుక రేణువు పిస్టను రింగులకును సిలిండరు గోడకును మధ్య చేరినయెడల ఆకురాయివలె పనిచేయును. ఒక దినములో ఏమియు తెలియదు. కొన్ని సంవత్సరములకు ఇంజను నూనె త్రాగుట మొదలుపెట్టును, బలము తగ్గును, పొగ వచ్చును.

ఇంజను పీల్చు గాలి ఎంతయో తెలిసికొన్నప్పుడు మాకు ఆశ్చర్యము కలిగెను. ఒక కిలో పెట్రోలు చక్కగా కాలుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. అనగా ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. మన యువకుని కారు ఇంజను 1.8 లీటర్లది. నిమిషమునకు 7,000 చుట్లు తిరుగునప్పుడు, నిండుగా పీల్చినచో, అది నిమిషమునకు 6,300 లీటర్ల గాలిని, అనగా సెకనుకు వంద లీటర్లకు పైగా, లోపలికి తీసికొనును. ఇంత గాలి ఒక చిన్న పెట్టెగుండ పోవలసియుండగా, "ఈ పెట్టె గొంతు నొక్కుచున్నదేమో, దీనిని తీసివేసినచో ఇంజను తెరపిగా ఊపిరి తీయును గదా" అని యువకునికి తోచుట సహజమే. ఆ తలంపు వట్టి అజ్ఞానము కాదు. పందెములకు సిద్ధపరచు ఇంజనులకు, లోపలి భాగములన్నిటిని మార్చినప్పుడు, పెద్ద గాలిదారి నిజముగా అవసరమగును.

అయితే కంపెనీవారు ఆ పెట్టెను ఒక్క పనికే చేయలేదు. మొదటిది, దుమ్మును ఆపుట. రెండవది, చల్లని గాలిని తెచ్చుట. దాని నోరు వేడి ఇంజనుకు దూరముగా, బండి ముందుభాగమున నుండును. మూడవది, వాననీరు లోపలికి పోకుండ కాపాడుట. నీరు గాలివలె అణగదు గనుక సిలిండరులో నీరు చేరినయెడల పిస్టను పైకి పోలేక దాని కడ్డీ వంగిపోవును. నాల్గవది, శబ్దమును తగ్గించుట. ఐదవది, గాలిని కొలుచు సన్నని సెన్సారునకు నెమ్మదియైన ప్రవాహమును ఇచ్చుట. ఆ సెన్సారు చెప్పు లెక్కను బట్టియే కంప్యూటరు ఎంత పెట్రోలు పోయవలెనో నిర్ణయించును. గొట్టపు వెడల్పు మారినయెడల ఆ లెక్క తప్పవచ్చును. పెట్రోలు కొంచెము ఎక్కువగానో తక్కువగానో పోసి, ఇంజను విడుచు వాయువులు మారిపోవును.

ఇక లాభము మాట. పాత పెట్టె కలిగించు అడ్డు నూటికి రెండు మూడు పాళ్లే యైనచో, దానిని పూర్తిగా తీసివేసినను కలుగు లాభము ఆ రెండు మూడు పాళ్లకు మించదు. దానికి బదులు బిగించిన ఫిల్టరు వేడి ఇంజను ప్రక్కనే తెరచియున్నచో ఏమగును? బయట గాలి 30 డిగ్రీలు, మూత క్రింద గాలి 60 డిగ్రీలు అనుకొనుడి. వేడెక్కిన గాలి పలుచబడును గదా. ఆ 30 డిగ్రీల తేడాకే గాలి నూటికి తొమ్మిది పాళ్లు పలుచబడును. మూడు పాళ్లు సంపాదించబోయి తొమ్మిది పాళ్లు పోగొట్టుకొనుట కూడ సంభవమే. మంచి తయారీదారులు వేడి తగులకుండ అడ్డుకవచము పెట్టుదురు, లేక గొట్టమును బయటి గాలి వరకు తీసికొనిపోదురు. అయినను గొట్టమును చూచిన మాత్రమున లాభమో నష్టమో చెప్పలేము, కొలిచి చూడవలెను.

2. చెవి చెప్పు సాక్ష్యము

మరి మన యువకుడు బండి చురుకుగా పోవుచున్నదని ఏల చెప్పెను? అతడు అబద్ధికుడు కాడు. అతని చెవి అతనికి చెప్పినది; అతడు నమ్మెను.

పాత పెట్టెకు ప్రక్కగా కొన్ని బోలు గదులుండును. వాటిలోనికి గాలి పోవు దారి యుండును గాని బయటికి వేరే దారి లేదు. చూచువారికి అవి వ్యర్థముగా కనబడును. ఖాళీ సీసా మూతిపై ఊదినప్పుడు బుర్రుమని ఒక స్వరము పలుకుట మనమందరము చిన్నతనములో విన్నదే. గాలి నిండిన బోలు గదికి తనదైన స్వరము కలదని 19వ శతాబ్దములో హెల్మ్‌హోల్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వివరించెను. ఆ నియమమునే తిరుగవేసి, ఇంజను పీల్చునప్పుడు పుట్టు మ్రోతను ఈ గదులు మింగివేయునట్లు చేసిరి. క్రొత్త గొట్టమునకు ఈ గదులు లేవు. గనుక ఎప్పుడును ఉన్న మ్రోతయే ఇప్పుడు బయటపడినది. ఇంజనులో క్రొత్తగా పుట్టినది ఏమియు లేకపోవచ్చును.

అయితే మనుష్యుని మనస్సు శబ్దమును బలముతో జోడించును. గట్టిగా అరచువాడు బలవంతుడని బాలుడు తలంచును. కార్లు చేయువారికి ఈ సంగతి బాగుగా తెలియును. 2009 నమూనా ఎమ్.ఎక్స్.-5 కొన్నింటిలో మాజ్డావారే, ఇంజను పీల్చు శబ్దమును నడుపువాని చెవి వరకు తెచ్చుటకు ఒక ప్రత్యేకమైన గొట్టమును అమర్చిరి. 2012లో వచ్చిన టొయోటా 86 అను కారులోను అట్టి గొట్టమే యున్నది. ఆ గొట్టము చక్రములకు రవ్వంత బలమునైన ఇయ్యదు. చెవికి మాత్రము సంతోషమిచ్చును.

శబ్దమునందు సంతోషించుట పాపమని మేము చెప్పము. దేవాలయపు గంట మ్రోతను, డోలు దెబ్బను ప్రేమించు మనము అట్లు చెప్పుట న్యాయము కాదు. అయితే "నాకు ఈ ధ్వని ఇష్టము" అని చెప్పుట వేరు. "నా బండికి బలము పెరిగినది" అని చెప్పుట వేరు. మొదటి మాటకు అతని చెవి సాక్షిగా చాలును. రెండవ మాటకు చెవి సాక్ష్యము చెల్లదు. అందులోను సొమ్ము చెల్లించిన తరువాత మన చెవి మన పక్షమున మాటలాడు సాక్షి యగును. ఖరీదు పెట్టి తెచ్చిన విత్తనము బాగుగా మొలచినదని, ప్రక్క చేనివాని మొలకను చూడకుండనే చెప్పుకొనుట మనకు తెలియనిదా?

ఈ కారు విషయములోనే జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పదగినది. అమెరికాలో 2001వ సంవత్సరపు మియాటా ఇంజను 155 హార్స్‌పవరు గలదని మాజ్డావారు మొదట ప్రకటించిరి. తరువాత అది నిజము కాదనియు, అసలు సంఖ్య 142 అనియు ఒప్పుకొనిరి. నూటికి ఎనిమిది పాళ్లకు మించిన లోటు అది. కొన్నవారు కోరినయెడల బండిని తిరిగి కొనెదమని కూడ వారు ముందుకు వచ్చిరి. మన యువకుని బండి ఆ సంవత్సరపుదే. కాగితముమీద పదమూడు గుఱ్ఱముల బలము తగ్గినదని తెలిసినప్పుడు బండి గాని, దాని పరుగు గాని ఏమియు మారలేదు. నిన్న ఎట్లు పరుగెత్తెనో నేడును అట్లే పరుగెత్తెను. మారినది దానినిగూర్చి చెప్పబడిన మాట మాత్రమే. చేసినవారు తమ మాటను బండికి సరిపరచుకొనిరి, దానికై సొమ్ము పోగొట్టుకొనుటకును సిద్ధపడిరి. కొలతకు లోబడుట అనగా ఇదియే. మొదట తప్పు చెప్పుట నింద్యమే. అయితే తప్పు తెలిసిన తరువాత సంఖ్యను పట్టుకొని వ్రేలాడకపోవుట మెచ్చదగినది.

గనుక ఆ యువకునికి మేము వ్రాసిన మొదటి మాట ఇది. "నాయనా, పరీక్షాధికారి సంగతి తరువాత చూతము. మొదట నీవు నీకే ఏమి చెప్పుకొనుచున్నావో చూడుము. పాత పెట్టెతో ఒకసారి, క్రొత్త గొట్టముతో ఒకసారి, బలమును కొలుచు యంత్రముమీద బండిని నిలిపి చూచితివా? చూడనియెడల, నీవు కొన్నది బలమని ఎవరికిని చెప్పకుము, నీకును చెప్పుకొనకుము."

3. ఒక్క సంచిలో రెండు రాళ్లు

ఇక పరీక్ష రోజున పెట్టెను మార్చు సంగతికి వత్తము. "ఎవరికి నష్టం?" అని అతడు అడిగెను. ఆ ప్రశ్నకు జవాబు కాలిఫోర్నియా ఆకాశములోనే యున్నది.

లాస్ ఏంజెలెస్ నగరము ఒకవైపు సముద్రము, తక్కిన వైపుల కొండలు గల పల్లములో నున్నది. అక్కడి గాలి అనేక దినములు కదలక పల్లములోనే నిలిచిపోవును. 1943 వేసవిలో ఒక దినమున పట్టపగలు నగరమును దట్టమైన మసక క్రమ్మెను. జనుల కన్నులు మండెను, గొంతులు కరకరలాడెను. అది యుద్ధకాలము గనుక శత్రువులు విషవాయువును వదలిరని కొందరు భయపడిరి. శత్రువు బయటివాడు కాడని తెలియుటకు కొన్ని సంవత్సరములు పట్టెను. హాగెన్-స్మిట్ అను ఆచార్యుడు, అంతకుముందు అనాసపండు పరిమళము దేనివలన కలుగునో పరిశోధించుచుండినవాడు, ఆ మసకను పరిశోధించి, కార్లు విడుచు వాయువులు సూర్యకాంతిలో కలిసి మారి ఈ విషమును పుట్టించుచున్నవని 1950 ప్రాంతములలో నిరూపించెను. ప్రతివాని కారు కొంచెమే విడుచుచుండెను. ఆ కొంచెములన్నియు కూడి అందరి కన్నులను మండించుచుండెను. 1967లో ఆ రాష్ట్రము గాలి వనరుల మండలిని స్థాపించినప్పుడు ఆ ఆచార్యుడే దానికి మొదటి అధ్యక్షుడాయెను.

బయట చేసి అమ్ము భాగములను ఆ మండలి మొత్తముగా నిషేధింపలేదు. తయారీదారుడు తన భాగమును పరీక్షకు చూపి, వాయువులు చెడవని రుజువు చేసినయెడల ఒక ఉత్తర్వు సంఖ్య ఇత్తురు. ఆ సంఖ్యగల చీటీ ఇంజను దగ్గర అంటించవలెను. పరీక్షించువాడు ఆ చీటీ చూచి పోనిచ్చును. మన యువకుడు కొన్న గొట్టమునకు అట్టి సంఖ్య లేదు. అది గాలిని చెరుపుచున్నదో లేదో ఎవరును కొలిచి చెప్పలేదు.

ఇప్పుడు చూడుడి. పరీక్ష ఒక్క దినము జరుగును. బండి రెండేండ్లు తిరుగును. ఆ ఒక్క దినము పరీక్షింపబడిన బండి, మిగిలిన దినములన్నిటను వీధిలో తిరుగు బండి కాదు. పరీక్షించినవాడు సంతకము చేసిన కాగితములోని ప్రతి మాటయు నిజమే. అయినను ఆ కాగితము అబద్ధము చెప్పును. నిజమైన మాటలతో అబద్ధము చెప్పించుటకు ఆ మనుష్యుని చేతిని వాడుకొనుట తేలికయైన సంగతి కాదు.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో తూనికరాళ్లను గూర్చిన ఆజ్ఞ యొకటి కలదు. అక్కడ నిషేధింపబడినది ఒక్క తప్పు రాయి మాత్రమే కాదు. పెద్దది యొకటి, చిన్నది యొకటి, రెండు విధములైన రాళ్లను ఒకే సంచిలో ఉంచుకొనుట. దీనిని మేము పూర్వము అనేకమారులు చదివితిమి గాని, ఈ ఉత్తరము వచ్చువరకు దానియందలి సూక్ష్మమును గమనింపలేదు. రాయి తెలియక అరిగినయెడల అది పొరపాటు. అయితే రెండు రాళ్లు గలవానికి ఏది సరియైనదో బాగుగా తెలియును. తెలియుటవలననే అతడు రెండును ఉంచుకొనెను. అటక మీద పాత పెట్టెను పరీక్ష దినము కొరకు భద్రపరచినవాడు అంగీకరించుచున్నదేమనగా, "అడిగినవారికి చూపదగినది ఇది, నేను నడుపునది అది" అని. అతని మనస్సు ఒప్పుకొనకపోవుటకు కారణము ఇదియే గాని పిరికితనము కాదు.

4. "బండి నాది" అను మాట

ఈ మాటలో న్యాయము లేకపోలేదు. తన వస్తువును తన చేతులతో విప్పి, దాని పనిని గ్రహించి, బాగుచేసికొనుట మెచ్చదగిన గుణము. చేసినవాడు ఇచ్చినది ఇచ్చినట్లే ఉంచవలెనని మేము చెప్పము. మన రైతులు నాగలి కర్రును తమ నేలకు తగినట్లు వంచుకొందురు. అట్టి మార్పులు లేనియెడల ఏ పనిముట్టును మేలుపడదు. మార్చుటకు ముందు, తీసివేయు భాగము ఏ పనికై యున్నదో తెలిసికొనుట మాత్రము మర్యాద. ఆ బోలు గదులు ఏలనో తెలియనివాడు వాటిని వ్యర్థమనుట తొందరపాటు.

అయితే బండి అతనిదైనను అది పీల్చు గాలి అతనిది కాదు. అది విడుచు గాలియు అతనిది కాదు. దాని మ్రోత చేరు వీధిలో రాత్రి పని చేసి పగలు పండుకొనువారు, చంటిబిడ్డల తల్లులు ఉందురు. పల్లెలలో మన కుమారులు మోటారు సైకిలు సైలెన్సరు తీసివేసి తిరుగునప్పుడు, మంచము పట్టిన ముసలివారు ఎట్లు ఉలికిపడుదురో మనకు తెలియును. మన దేశములోను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, బండిని తయారీదారుని వివరములకు భిన్నముగా మార్చుటను అడ్డుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఆ నియమమును గట్టిగా నిలిపెను. చట్టము మాట అట్లుండనిండు. పొరుగువాని నిద్రకు చట్టము లేకపోయినను విలువ కలదు.

మరియొకరు ఇట్లు అడుగవచ్చును: "ఆ గొట్టము గాలిని ఏమాత్రమును చెరుపదనుకొందము. సంఖ్య లేనంతమాత్రమున దానిని దోషమనవచ్చునా?" ఇది మంచి ప్రశ్న. నియమము కొన్నిసార్లు నిర్దోషియైన వస్తువును కూడ అడ్డగించును. అట్టి నియమము సరిలేదని తోచినవాడు దానిని బహిరంగముగా చెప్పవచ్చును, అధికారులకు వ్రాయవచ్చును, అనుమతి గల భాగమును కొనవచ్చును. అట్టివాడు తన పనిని ఎవరికిని దాచడు. పెట్టెను మార్చి పెట్టువాడు నియమముతో వాదించుట లేదు. నియమము కండ్లు మూసి, వాదింపవలసిన శ్రమను తప్పించుకొనుచున్నాడు.

5. మన వాకిట

దూరదేశపు యువకుని తప్పు వెదకి సంతోషించుటకు మేము ఇది వ్రాయలేదు. అతని అటక మీది పెట్టెను చూచినప్పుడు మా అటక జ్ఞాపకమునకు వచ్చినది.

తనిఖీ అధికారి వచ్చునని తెలిసిన దినమున మన బడులలో హాజరుపట్టీ నిండును. తూకములను పరీక్షించువాడు వచ్చినప్పుడు కౌంటరు క్రిందనుండి మంచి రాళ్లు పైకి వచ్చును. పాలకేంద్రములో పరీక్షకు పోయు పాలు ఒక బిందెలోను, ఇంటింటికి పోయు పాలు వేరొక బిందెలోను ఉండుట వింత కాదు. సంఘపు లెక్కలు చూచుటకు పైనుండి పెద్దలు వచ్చు వారమున, కానుకల డబ్బు చేబదులుగా తీసికొన్నవారు పరుగెత్తి తెచ్చి పెట్టెలో వేయుదురు. వారు వెళ్లిన మరుసటి వారము మరల తీసికొందురు. సొమ్ము పోలేదు గదా అందురు. లెక్క సరిపోయినది గదా అందురు. ఆ ఒక్క దినము సరిపోయినది నిజమే. ఈ పంక్తి వ్రాయుచున్న మేమును పెద్దల రాకకు ముందు రాత్రి దీపము పెట్టుకొని, నెలల తరబడి వ్రాయని సందర్శనల పుస్తకమును ఒక్కసారిగా నింపిన దినము కలదు. ఆ పుస్తకములో వ్రాసిన ఇండ్లకు మేము వెళ్లినది నిజమే. వ్రాసిన తేదీలు మాత్రము నిజము కావు.

కాబట్టి పెద్ద గొట్టమైనను, చిన్న రాయియైనను, ఒక మార్పు చేసికొనునప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనుట మేలు. దీనివలన కలిగినదని నేను చెప్పుకొను లాభము కొలతకు నిలుచునా? నేను అడుగబడు దినమున దీనిని ఉన్నచోటనే ఉంచి చూపగలనా? ఈ రెండింటికి ఔనని చెప్పగలవాడు నిర్భయముగా తన వస్తువును మార్చుకొనవచ్చును. మొదటిదానికి కాదనువాడు తననుండి దాచుకొనుచున్నాడు. రెండవదానికి కాదనువాడు పొరుగువానినుండి దాచుచున్నాడు. మార్పునందు కాక ఆ దాపరికమునందే దోషము కలదని మా అభిప్రాయము.

ఆ యువకుడు మరల వ్రాసెను. అతడు బండిని కొలత యంత్రము మీదికి తీసికొనిపోయి రెండు విధములుగాను చూచెనట. "అయ్యగారూ, అక్కడ ఇచ్చిన కాగితం నా చెవి చెప్పినదానితో ఏకీభవించలేదు. సిగ్గుపడ్డాను. నవ్వుకున్నాను కూడా" అని వ్రాసెను. సంఖ్య లేని గొట్టమును తీసివేసి, ఉత్తర్వు సంఖ్య గల వేరొకదానిని కొనెనట. ఏల మరల కొంటివని మేము అడుగకముందే అతడే చెప్పెను. "దీనివల్ల బలం పెరుగుతుందని కాదు. ఆ ధ్వని నాకు ఇష్టం. అంతే. తెల్లవారుజామున వీధి దాటేవరకు కాలు మెల్లగా వేస్తున్నాను. మెల్లగా వేస్తే ఇది పెద్దగా మోగదు."

అతడు పరీక్షకు పోయిన దినమున మూత ఎత్తి చీటీని తానే చూపెనట. పాత పెట్టె ఏమాయెనని మేము అడిగితిమి. అటువంటి బండియే గల ఒకనికి, తన పెట్టె పగిలిపోయి వెదకుచున్నవానికి, దానిని ఇచ్చివేసితినని జవాబు వచ్చినది.

మేము మా సందర్శనల పుస్తకమును తీసి, ఆ రాత్రి వ్రాసిన తేదీలకు ఎదురుగా "తేదీలు అంచనాగా వ్రాయబడినవి" అని ఎఱ్ఱసిరాతో వ్రాసి సంతకము చేసితిమి. పెద్దలు ఈసారి వచ్చినప్పుడు ఆ పుటనే మొదట తెరచి చూపవలెనని యున్నాము.